డప్పుకు పిలుస్తరు, బంతికి పిలువరు (వాడ ముచ్చట్లు – 14)



పోయిన వారం ఒక తమ్ముడు ఫోన్ చేసి అడిగాడు. "అన్నా, ప్రతి సినిమాలో కులం వెతుకుతవ్. అసలు నెత్తిన పెట్టుకున్న సినిమాల్ల కిందికి దించాల్సింది ఏది? పక్కకు పడేసిన వాటిల్ల ఎత్తుకోవాల్సింది ఏది? పేర్లు పెట్టి సూటిగా రాయరాదూ."

రాస్తున్నాను. కొందరికి కోపం వస్తుంది. వాళ్లలో మా అమ్మ కూడా ఉంది, ఆ సంగతి చివర్లో చెప్తాను.

ముందు నా కొలబద్ద ఏమిటో చెప్పాలి. అది నాకు పీహెచ్‌డీలో దొరకలేదు, మా నాయన దగ్గర దొరికింది.

వర్ధన్నపేట దగ్గర మా ఊర్లో మా నాయన డప్పు కొట్టేవాడు. చావుకు, పెండ్లికి, బోనాలకు ఆయన లేకుండా ఊరు కదిలేది కాదు. డప్పు కాగబెట్టడానికి గడ్డి మంట వేయడం నా పని. పెండ్లి ఇంటి ముందు పొద్దంతా కొట్టేవాడు. లోపల ఒక బంతి లేస్తే ఇంకో బంతి కూర్చునేది. మా వంతు వచ్చేసరికి చీకటి పడేది. అన్నం మేము తీసుకుపోయిన గిన్నెలో పోసేవాళ్లు, ఇంటికి తెచ్చుకుని తినేవాళ్లం. ఏండ్ల తర్వాత ఆ ఊరి పటేలు ఇంట్లో పాత పెండ్లి ఆల్బమ్ చూశాను. ఒక ఫోటోలో డప్పు పడింది, మా నాయన చెయ్యి పడింది. ముఖం పడలేదు.

అందుకని ఏ సినిమా చూసినా నాకు రెండే ప్రశ్నలు. మనవాడు ఇందులోకి ఏ పని మీద వచ్చాడు? పని అయినంక ఎక్కడ కూర్చున్నాడు? కొన్ని సినిమాలు మనల్ని డప్పుకు పిలుస్తాయి. చాలా తక్కువ సినిమాలు బంతికి పిలుస్తాయి. మొదటివాటికి దొరికిన పేరు ఎక్కువ, రెండోవాటికి దొరికిన పేరు తక్కువ. నేను చెప్పదలుచుకున్నది ఇంతే. ఇక పేర్లలోకి వెళ్తాను.

దించాల్సినవి

మొదటిది ‘సప్తపది’. 1981లో వచ్చింది. కె. విశ్వనాథ్ దర్శకుడు. జాతీయ సమైక్యత మీద ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. కుల నిర్మూలన మీద తెలుగులో మంచి సినిమా చెప్పమంటే ఇప్పటికీ మా స్టాఫ్ రూమ్‌లో ముందు వినిపించే పేరు ఇదే. సంగీతం గొప్పది, కాదనను. జె.వి. సోమయాజులు నటన గొప్పది, కాదనను.

కథ మీకు తెలుసు. బ్రాహ్మణ అమ్మాయి హేమ, వేణువు ఊదే దళిత యువకుడు హరిబాబు. తాత యాజులు ఆమెకు తన మనవడితో పెండ్లి చేస్తాడు. ఆ భర్తకు ఆమె భార్యలా కాక దేవతలా కనపడుతుంది. చివరికి తాత మనసు మారుతుంది, అమ్మాయిని హరిబాబుకు అప్పగిస్తారు. సినిమా అయిపోయాక కళ్లు మూసుకుని చూడండి. మీకు ఎవరి ముఖం కనపడుతుంది? నాకు ప్రతిసారీ యాజులు ముఖమే కనపడుతుంది. ఆయన పడ్డ వేదన, ఆయన చదివిన శాస్త్రం, ఆయన చేసిన త్యాగం. హరిబాబు ఇంట్లో ఆ రోజు ఏం వండారు, ఈ ప్రేమ సంగతి తెలిసి వాళ్లమ్మ ఎన్ని రాత్రులు భయంతో నిద్రపోలేదు, ఇవేవీ నా మనసులో బొమ్మ కట్టవు. హరిబాబు ఆ ఇంటికి వేణువు పని మీద వచ్చాడు. యాజులు గారి మంచితనానికి పరీక్ష పెట్టే పని మీద వచ్చాడు. పరీక్షలో యాజులు గారు పాసయ్యారు. మనం చప్పట్లు కొట్టాం.

ఈ నమూనా కొత్తది కాదు. 1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘మాలపిల్ల’లోనే ఉంది. చలం కథ, తాపీ ధర్మారావు మాటలు. ఆ కాలానికి అది పెద్ద సాహసం, ఆ గౌరవం ఇచ్చే మాట్లాడుతున్నాను. కానీ ఆ సినిమాలో కూడా పూజారి మనసు ఎప్పుడు మారుతుంది? మంటల్లో చిక్కుకున్న ఆయన భార్యను ఒక దళితుడు కాపాడాక. మనం మనుషులమని ఒప్పుకోవడానికి నిప్పులో దూకి చూపించాలన్నమాట. ఇంకో పోలిక కూడా గుర్తుపెట్టుకోండి. 1930 ప్రాంతంలో తిరువనంతపురంలో పి.కె. రోజీ అనే దళిత స్త్రీ తొలి మలయాళ సినిమాలో నాయర్ యువతి వేషం వేసింది. ఆమె మీద దాడి చేశారు, ఆమె ఊరు విడిచిపోవాల్సి వచ్చింది. ఎనిమిదేండ్ల తర్వాత ఇక్కడ మాలపిల్ల వేషం వేసిన కాంచనమాల పెద్ద తార అయింది. మన వేషం వాళ్లు వేస్తే కళ, వాళ్ల వేషం మనం వేస్తే నేరం.

‘సప్తపది’ నేర్పిన పాఠం ఒకటుంది: పెద్దల మనసు మారేదాకా ఓపిక పట్టు. అది వచ్చిన నాలుగేండ్లకు, 1985 జూలై 17న, కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవకు మనవాళ్లు ఆరుగురు బలయ్యారు. 2018 సెప్టెంబర్‌లో మిర్యాలగూడలో, గర్భవతి అయిన భార్యను ఆసుపత్రికి తీసుకుపోయి బయటికి వస్తున్న దళిత యువకుణ్ణి నరికి చంపించింది అమ్మాయి కన్నతండ్రే. ఆ రోజు టీవీలో ఆ దృశ్యం మళ్లీ మళ్లీ వేస్తుంటే నాకు ‘సప్తపది’ ముగింపు గుర్తొచ్చింది. ఆ సినిమా అబద్ధం చెప్పిందని అనను. వెయ్యి ఇండ్లలో ఒక ఇంట్లో జరిగేదాన్ని చూపించి, మిగతా తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఇండ్లను మర్చిపోయేలా చేసిందని అంటాను.

రెండోది, మీరు అనుకోని పేరు: ‘అల వైకుంఠపురములో’. 2020 జనవరి, సంక్రాంతి సినిమా. "అది కామెడీ సినిమా సార్, దాని మీద కూడా పడతారా?" అంటారు నా స్టూడెంట్లు. నేనూ నవ్వాను, పాటలకు కాలు కదిలింది. కానీ కథ చూడండి. ఆసుపత్రిలో పిల్లలు తారుమారవుతారు. కోటీశ్వరుడి కొడుకు గుమాస్తా ఇంట్లో పెరుగుతాడు. అయినా తెలివి, ధైర్యం, ఠీవి అన్నీ అతనివే. గుమాస్తా కొడుకు బంగళాలో పెరుగుతాడు. ఎంత డబ్బు, ఎంత చదువు పోసినా నోట్లోంచి మాట రాదు, చేతిలోంచి పని కాదు. అంటే పెంపకం వల్ల ఏమీ కాదు, అంతా పుట్టుకలోనే ఉంటుందని. ఈ మాట మనం ఎక్కడ విన్నాం? మూడు వేల ఏండ్లుగా విన్నదే కదా. రిజర్వేషన్ సీటులో చేరిన పిల్లను చూసి "ఎంత చెప్పినా వీళ్లకు ఎక్కదు" అనే పంతులు నమ్మకం కూడా ఇదే. ఆ పంతులు మాటకు మనం బాధపడతాం. సినిమా అదే మాట అంటే విజిల్ వేస్తాం.

దీనికి ఒక కొసరు ఉంది. 2025 జూన్ 14న తెలంగాణ ప్రభుత్వం మొదటిసారి గద్దర్ పేరు మీద సినిమా అవార్డులు ఇచ్చింది. వెనకటి సంవత్సరాలకు కూడా ఉత్తమ చిత్రాలను ప్రకటించింది. 2020కి మొదటి ఉత్తమ చిత్రం ‘అల వైకుంఠపురములో’. గద్దర్ పేరు! ‘మా భూమి’లో గోచీ గొంగడితో తెర మీదికి వచ్చి పాడిన మనిషి పేరు. ఆ పేరును కూడా డప్పుకే పిలిచారు.

మూడోది రాయడానికి చెయ్యి రావడం లేదు. ‘బలగం’.

2023 మార్చిలో వచ్చింది. వేణు యెల్దండి దర్శకుడు. ఊరూరా తెరలు కట్టి, చాపలు పరిచి జనం చూశారు. మన హన్మకొండ బిడ్డ కాసర్ల శ్యామ్‌కు ఆ సినిమా పాటకే జాతీయ అవార్డు వచ్చింది. మన భాష, మన చావు, మన పిట్టకు పెట్టుడు తెర మీదికి వచ్చినందుకు నేనూ గర్వపడ్డాను. ఏడ్చాను కూడా. అందుకే దీన్ని పూర్తిగా దించమని అనడం లేదు. ఒక మెట్టు దించి చూద్దామంటున్నాను.

కొమురయ్య చచ్చిపోతాడు. పిట్ట ముట్టదు. కొడుకులు, అల్లుడు పాత పంతాలతో ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. పదకొండో రోజు కథ చెప్పేవాళ్లు వస్తారు. పాడతారు. ఆ పాటకు ఇల్లంతా కరిగిపోతుంది, తెగిన రక్త సంబంధాలు అతుక్కుంటాయి. అక్కడ పాడింది ఎవరు? పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. మన వరంగల్ జిల్లా దుగ్గొండి వాళ్లు. బుడగ జంగాలు. సినిమా అంతా ఒక ఎత్తు, వాళ్లు పాడిన ఆ కొన్ని నిమిషాలు ఒక ఎత్తు. పాట అయిపోయింది, కుటుంబం ఒక్కటైంది, పిట్ట ముట్టింది. మరి ఆ ఇద్దరు? వాళ్ల బలగం ఎవరు? వాళ్లింట్లో చచ్చిపోతే పిట్టకు ఏం పెడతారు? సినిమాకు ఆ ప్రశ్న తట్టలేదు. చూసిన మనకూ తట్టలేదు.

మొగిలయ్య కిడ్నీలు పాడై డయాలసిస్ మీద బతికాడు. ప్రభుత్వం, సినిమావాళ్లు కొంత సాయం చేశారు, అది చెప్పకపోతే తప్పు. 2024 డిసెంబర్ 19న చనిపోయాడు. ఆయన పాటతో ఎన్ని ఇండ్లు కలిశాయో లెక్కలేదు. ఆయన్ను మాత్రం మనం ‘బలగం మొగిలయ్య’ అనే పిలిచాం. సినిమా ఆయన ఇంటిపేరైంది, ఆయన ఇల్లు మాత్రం సినిమా కాలేదు.

ఇక్కడ మనవాళ్లను కూడా ఒక మాట అడగాలి. కిన్నెర మొగిలయ్య వేరు, ఆయన పాలమూరు వైపు మనిషి. ‘భీమ్లా నాయక్’ పాటకు గొంతిచ్చాడు, 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన డక్కలి. డక్కలోళ్లు మన మాదిగల దగ్గరికే వచ్చి మన పుట్టుక చెప్పే జాంబ పురాణం పాడతారు. మన ఇండ్లల్లో వాళ్లను గడప లోపలికి రానిచ్చామా? మన బంతిలో కూర్చోబెట్టామా? మొన్నటి 2025 వర్గీకరణ చట్టంలో బుడగ జంగాలు, డక్కలోళ్లు ఒకటో గ్రూపులో ఉన్నారు. పదిహేను కులాలకు కలిపి ఒక్క శాతం. సినిమావాళ్లను అడిగే రెండు ప్రశ్నలను మన వాడలో కూడా అడుక్కుందాం.

ఎత్తుకోవాల్సినవి

మొదటిది ‘దాసి’. 1988. బి. నర్సింగరావు దర్శకుడు. ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి. ఉత్తమ నటిగా అర్చనకు, ఛాయాగ్రహణానికి ఎ.కె. బీర్‌కు, కళకు తోట వైకుంఠానికి, దుస్తులకు సుదర్శన్‌కు, ఉత్తమ తెలుగు చిత్రంగా సినిమాకు. ఇన్ని వచ్చిన సినిమాను తక్కువగా చూశారని ఎట్లా అంటావు అని అడగొచ్చు. మా క్లాసులో అరవై మందిని అడిగాను. ఒక్కరూ చూడలేదు. ఇద్దరు మాత్రం పోటీ పరీక్షల పుస్తకంలో పేరు చదివామన్నారు. బిట్టు ప్రశ్నగా మిగిలిన సినిమా అది.

1920ల నాటి గడీ. దొరసానితో పాటు కట్నంగా వచ్చిన ఆడబాప కమలాక్షి. సినిమా పొడుగునా ఆమె పని చేస్తూనే ఉంటుంది. నీళ్లు, దీపాలు, పక్కలు, చివరికి దొర పక్క కూడా. కడుపు వస్తే తీయించేస్తారు. ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. ఏ మంచి దొరా వచ్చి కాపాడడు. ఎవరి మనసూ మారదు. ఆ పని చేసే చేతుల వెనక ముఖం ఉందని మనల్ని చూస్తూ కూర్చోమంటుంది, అంతే. నర్సింగరావు మన వాడ మనిషి కాదు, భూస్వామ్య కుటుంబంలో పుట్టినాయన. అయినా కెమెరాను దొరసాని కిటికీ దగ్గర పెట్టి కమలాక్షి మీద జాలి పడలేదు. కాబట్టి "మనవాళ్లే తీయాలి" అని నేను అనడం లేదని గమనించండి. ఎవరు తీశారన్నది రెండో సంగతి. ఎవరి పక్కన కూర్చుని తీశారన్నది మొదటి సంగతి.

‘దాసి’ నెమ్మదిగా నడుస్తుంది, నిజమే. పిల్లలు ఫోన్ తీస్తారు. కానీ విసునూరు గడీ కథలు విని పెరిగిన మన జిల్లా పిల్లలకు అది చూపించకపోవడం మా తప్పు, సినిమా తప్పు కాదు.

రెండోది ‘పలాస 1978’. కరుణ కుమార్ దర్శకుడు. 2020 మార్చి 6న విడుదలైంది. హన్మకొండలో మ్యాట్నీకి పోయాను, లెక్కపెడితే పదకొండు మందిమి. రెండు వారాలు కూడా కాకముందే కరోనాతో థియేటర్లే మూతపడ్డాయి. అట్లా దాని కాలం కాటేసింది.

శ్రీకాకుళం జిల్లా పలాస, జీడిపప్పు ఫ్యాక్టరీల ఊరు. ఆట పాటతో బతికే దళిత కుటుంబంలో అన్నదమ్ములు, మోహనరావు, రంగారావు. షావుకార్లు వీళ్లను వాడుకుంటారు, ఎదుగుతుంటే తొక్కుతారు. ఇందులో దళితులు మంచివాళ్లు కారు, చెడ్డవాళ్లు కారు. మనుషులు. ఆశపడతారు, కోపపడతారు, తప్పులు చేస్తారు, చేసిన తప్పుకు మూల్యం కడతారు. సెబాస్టియన్ అనే పోలీసు అధికారి ఉంటాడు, చదువుకుని యూనిఫాం వేసుకున్నా కులం వదలని మనిషి. అతన్ని చూసి నాకు నేనే గుర్తొచ్చాను.

లోపాలు లేవా? ఉన్నాయి. నెత్తురు ఎక్కువ. ఆడవాళ్లకు చోటు తక్కువ. రెండో సగం కొంత సాగుతుంది. అయినా బంతిలో మనం కూర్చున్న సినిమా అది. వడ్డించేవాళ్లూ మనమే. ఆ సినిమాలోని నక్కిలీసు గొలుసు పాట మాత్రం లోకమంతా తిరిగింది. పటేండ్ల పెండ్లి బరాత్‌లో డీజే మీద నేనే విన్నాను. పాటను పిలుచుకున్నారు, సినిమాను బయట నిలబెట్టారు. గద్దర్ పేరు మీద 2020కి ఎంచిన ఉత్తమ చిత్రాల వరసలోనూ దానికి చోటు దొరకలేదు.

ఇక ఇంటి సంగతి.

మా అమ్మ ‘బలగం’ మూడుసార్లు చూసింది. నేను ఈ మాటలన్నీ చెప్తే నా దిక్కు చూసి, "ఏందిరా కొడుకా, గంత మంచి సినిమాల గూడ పుల్లలు పెడుతవ్. మీ నాయిన సచ్చినంక మీ పెదనాయిన మన గడప తొక్కిండా? ఆ సినిమా సూసినంకనే వచ్చిండు" అంది. నిజం. వచ్చాడు. మా ఇంట్లో కూర్చుని అన్నం తిన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. సినిమాకు నా అభ్యంతరం ఉంది, మా పెదనాయన ఆ పూట తిన్న అన్నం కూడా ఉంది. రెండూ ఉంటాయి.

నేను పనిచేసే చోట నన్నూ ఇట్లాగే పిలుస్తారు. ఏప్రిల్ 14 వస్తే నేను, దళిత సాహిత్యం యూనిట్ వస్తే నేను. ‘కళాపూర్ణోదయం’ చెప్తానని ఆరేండ్లుగా అడుగుతున్నాను. "మీ సబ్జెక్టు మీరు బాగా చెప్తారు కదండీ" అంటారు నవ్వుతూ. డప్పు నాది, బంతి వాళ్లది. అందుకే హరిబాబును చూస్తే నాకంత కోపం.

చివరిది. మొన్న సెమిస్టర్‌లో ‘బలగం’ మీద అసైన్‌మెంట్ ఇచ్చాను. ములుగు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి చివరి పాట మీద రాసింది. శ్రుతి ఎక్కడ మారుతుంది, వంత ఎక్కడ అందుకుంటారు, ఊపిరి ఎక్కడ తీసుకుంటారు, అన్నీ. నేను చదివిన పుస్తకాల్లో కూడా అంత వివరం లేదు. పిలిచి అడిగాను, "ఇదంతా ఎట్ల తెలుసమ్మా?" అని. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది: "మా తాత పాడుతడు సార్. మేం బుడగ జంగాలం. హాస్టల్ల ఎవ్వరికీ తెల్వది. మీరు గూడ చెప్పొద్దు సార్."

హాస్టల్లో ఆ పాట మీద రీల్స్ చేయని పిల్ల లేదు. ఆ పాట పాడే ఇంటి పిల్ల మాత్రం తన కులం దాచుకుని అదే గదిలో పడుకుంటోంది. ఆమె ఊరు, పేరు గుర్తుపట్టే వీలు లేకుండా రాశాను. ఇంత రాయొచ్చా అని ఆమెను అడిగే రాశాను.

వాళ్ల తాతను క్లాసుకు పిలిచి కథ చెప్పిద్దామా అని నోటి దాకా వచ్చింది. ఆగిపోయాను. నేను కూడా ఆయన్ను పని మీదే పిలుస్తున్నాను కదా. ఆయన వస్తే మధ్యాహ్నం ఎక్కడ కూర్చుంటాడు, మా స్టాఫ్ రూమ్‌లో ఆయన పక్కన ఎవరు కంచం పెట్టుకుంటారు, ఆ పూట ఆ పిల్ల ఏ బెంచీలో ఎట్లా కూర్చుంటుంది? ఇవి తేల్చుకోకుండా పిలిచే హక్కు నాకు లేదు.

ప్రస్తుతానికి చేయగలిగింది చేస్తున్నాను. వచ్చే నెల రెండు ఆదివారాలు, ఒకసారి ‘దాసి’, ఒకసారి ‘పలాస 1978’, మా ఇంటి మేడ మీద తెర కట్టి వేస్తాను. హన్మకొండ, కాజీపేట, వరంగల్ మిత్రులు ఇన్‌బాక్స్‌లో చెప్పి రండి. సినిమా అయ్యాక అందరం కింద కూర్చుని ఒకే బంతిలో తింటాం. వంట మా అమ్మది. ‘బలగం’ గురించి ఆమెతో వాదించే ధైర్యం ఉన్నవాళ్లు ముందు వరసలో కూర్చోండి.

జై భీమ్.